రూన్ లేఖనములు: ప్రాచీన స్కాండినేవియాలో అక్షరము, వస్తువు

ఒక జాతి సాహిత్యమును గూర్చి విచారించునపుడు విమర్శకులు సాధారణముగా గ్రంథములతో ఆరంభింతురు. గ్రంథము లేనిచోట సాహిత్యము లేదని గాని, ఉన్నను అది నోటిమాటగా పుట్టి నోటిమాటగానే నశించినదని గాని తలచుట అలవాటైనది. డెన్మార్కు, నార్వే, స్వీడను దేశముల ప్రాచీన సంస్కృతి ఈ రెండు అభిప్రాయములను సవరించును. ఆ దేశములలో తోలుపత్రముల మీద సిరాతో వ్రాయు పద్ధతి క్రైస్తవ మతము వెంట వచ్చి 11, 12 శతాబ్దులలో గాని స్థిరపడలేదు. అంతకు దాదాపు 900 సంవత్సరములకు పూర్వమే అచటి ప్రజలు అక్షరములనెరుగుదురు. ఆ అక్షరములను వారు దువ్వెనల మీద, ఈటెమొనల మీద, బంగారు కొమ్ముల మీద, నీటి బొక్కెనల మీద, పుల్లల మీద, తుదకు నిలువెత్తును మించిన శిలల మీద చెక్కిరి. ఆ అక్షరములే రూనులు.

రూన్ అను పదమునకు ప్రాచీన జెర్మానిక్ భాషలలో రహస్యము, ఏకాంతమున చేయు ఆలోచనము అను అర్థములు కలవు. కావున ఈ లిపిని గూర్చి హిందీలో గాని తెలుగులో గాని వ్రాయబూనిన అనువాదకునకు దీనిని 'రహస్యలిపి' అనియో 'మంత్రాక్షరములు' అనియో పిలువవలెనను కోరిక కలుగుట సహజము. బీజాక్షరములు, యంత్రములు, రక్షరేకులు భారతీయ పాఠకునకు చిరపరిచితములు. ఆ పరిచయము ఈ క్రొత్త పదమునకు తక్షణమే ఒక స్థానమును చూపును. కాని ఆ స్థానము దానిది కాదు. పేరు పెట్టుటలో జరిగిన పొరపాటు చదువుటలోనికి ప్రాకును. దువ్వెన మీది పదమును మంత్రముగా చదివినచో ఆ దువ్వెనతో తల దువ్వుకొన్న మనిషి మరుగునపడును. బిడ్డను కోల్పోయిన తల్లి చెక్కించిన వాక్యమును తంత్రముగా చదివినచో ఆమె దుఃఖము మరుగునపడును. రూన్ లేఖనములు ప్రధానముగా మనుష్యులు మనుష్యులతో చెప్పిన మాటలు. ఆ మాటలు తాము చెక్కబడిన వస్తువుతో కలిసినపుడే సంపూర్ణములగును. ఈ రెండు విషయములు గ్రహించినవానికే వాని సాహిత్యపు విలువ తెలియును.

ముందుగా లిపి స్వరూపమును గమనింపవలెను. ప్రాచీనమైన వర్ణమాలలో 24 అక్షరములు కలవు. తెలుగువారు అక్షరాభ్యాసపు తొలి పలుకులను బట్టి ఓనమాలు అన్నట్లే, ఆ ప్రజల వర్ణమాలను మొదటి ఆరు ధ్వనులను బట్టి 'ఫుథార్క్' అందురు. అక్షరములు ఎనిమిదేసి చొప్పున మూడు వర్గములుగా ఉండును. ప్రతి అక్షరమునకు అర్థవంతమైన ఒక పేరు కలదు. మొదటి అక్షరము పేరు 'ఫెహు'. పశువులనియు, పశురూపమైన సంపద అనియు దాని అర్థము. సంస్కృతములోని 'పశు' శబ్దమునకు ఇది జ్ఞాతి యని భాషాశాస్త్రజ్ఞులు నిరూపించిరి. ఈ లిపి లాటిన్ లిపి నుండి పుట్టినదని 1874లో డేనిష్ పండితుడు లుడ్విగ్ విమ్మర్ వాదించెను; ఉత్తర ఇటలీ లిపులే దీనికి మూలమని మరికొందరు తలచిరి. మధ్యధరా ప్రాంతపు లిపులతో దీనికి సంబంధము కలదనుటలో మాత్రము సందేహము లేదు.

అక్షరముల రూపమును నిర్ణయించినది కొయ్య. రూనులలో నిలువు గీతలును ఏటవాలు గీతలును ఉండును. అడ్డగీతలు సాధారణముగా ఉండవు. కొయ్య మీద నారకు అడ్డముగా కత్తితో గీయునపుడు నిలువుగీత స్పష్టముగా నిలుచును. నార వెంబడి గీసిన అడ్డగీత ఆ నారలోనే కలసిపోవును, లేదా కొయ్యను చీల్చును. తాటియాకు మీద గంటముతో వ్రాయుట వలన దక్షిణదేశపు లిపులు గుండ్రదనమును సంతరించుకొన్నవని పండితులు చెప్పుదురు. అచట ఆకు చేసిన పనిని ఇచట కొయ్య చేసినది. రాతి మీదికి, లోహము మీదికి ఎక్కిన పిదప కూడ రూనులు కొయ్యలో పుట్టిన తమ నిటారుతనమును విడువలేదు.

8వ శతాబ్దిలో ఒక చిత్రమైన మార్పు జరిగెను. భాషలోని ధ్వనులు పెరుగుచుండగా వర్ణమాల 24 అక్షరముల నుండి 16 అక్షరములకు తగ్గెను. ఒకే అక్షరము ప, బ ధ్వనులు రెంటికిని పనిచేసెను. మరియొకటి క, గ లకు పనిచేసెను. చెక్కువానికి శ్రమ తగ్గినది, చదువువానికి పెరిగినది. చదువరి అక్షరములను పైకి పలికి, చెవితో విని, సందర్భమును బట్టి పదమును నిర్ణయింపవలసి వచ్చెను. రూనులను చదువుటకు ఆ భాషలో వాడిన క్రియ 'రాధ'. ఊహించుట, విప్పుట, ఆలోచన చెప్పుట అను అర్థములన్నియు ఆ క్రియలో ఇమిడియున్నవి. అనగా ఆ సమాజములో చదువుటయే ఒక వ్యాఖ్యానము. రూనులలోని రహస్యమును వెదకువారు దానిని ముందుగా ఈ చదువుటలోనే వెదకవలెను.

మంత్రశక్తిని గూర్చిన కథలకు సాహిత్యాధారము లేకపోలేదు. ఐస్లాండులో 13వ శతాబ్దిలో లిఖితమైన ఎడ్డా కావ్యములలో ఓడిన్ దేవుడు గాలి వీచు వృక్షమున తొమ్మిది రాత్రులు వ్రేలాడి, తన్ను తానే బలిగా సమర్పించుకొని రూనులను పొందెనను వృత్తాంతము కలదు. అదే శతాబ్దికి చెందిన ఎగిల్ సాగాలో ఒక రోగిష్ఠి బాలిక పడకలో తిమింగిలపు ఎముక దొరకును. ఆమె ప్రేమను కోరిన యువకుడొకడు సరిగా తెలియక చెక్కిన రూనులు ఆమె వ్యాధిని పెంచినవని గ్రహించి, కవి ఎగిల్ వానిని గీకివేసి, ఎముకను కాల్చి, క్రొత్త రూనులు చెక్కును. ఈ కథలు మనోహరములు. కాని రెండును రూనులు పుట్టిన వేయి సంవత్సరములకు పిదప గ్రంథస్థములైనవి. తాయెత్తులును, అర్థము తెలియని పదములు గల బంగారు పతకములును దొరకినమాట నిజమే. అయినను వాని సాక్ష్యమును సమస్త లేఖనములకును అంటగట్టరాదు. 1952లో డేనిష్ పండితుడు ఆండర్స్ బెక్‌స్టెడ్ మంత్రవాదమును తీవ్రముగా ప్రశ్నించెను. ఆంగ్లేయ పండితుడు రేమండ్ పేజ్ రూన్ పరిశోధకులను ఊహాశీలురనియు సంశయశీలురనియు రెండు తెగలుగా విభజించెను. లేఖనముల ఎదుట నిలిచినవానికి సంశయశీలుర పక్షమే న్యాయముగా తోచును.

ఆ లేఖనములలో అతి ప్రాచీనమైన వానిలో ఒకటి డెన్మార్కులోని ఫ్యూన్ ద్వీపమున వీమోసె చిత్తడినేలలో దొరకిన దువ్వెన. అది దుప్పికొమ్ముతో చేసినది, క్రీ.శ. 160 ప్రాంతమునకు చెందినది. దాని మీద 'హర్యా' అను ఒకే పదము కలదు. అది ఒక వ్యక్తి పేరు కావచ్చును, యోధుడని అర్థము కావచ్చును. 2021లో నార్వేలో ఒక శ్మశానపు త్రవ్వకములలో దొరకిన స్వింగెరుడ్ శిల మీద సరళమైన గీతలతోపాటు ఒక వ్యక్తి పేరు కాదగిన పదమున్నది. అదియు క్రీస్తుశకపు తొలి శతాబ్దులదే. నార్వేలోని ఓసెబెర్గ్ వద్ద 834లో ఇద్దరు స్త్రీల కళేబరములతో ఒక నౌకను పూడ్చిపెట్టిరి. 1904, 1905లలో దానిని వెలికితీసినపుడు అద్భుతమైన కొయ్యచెక్కడములు బయల్పడినవి: జంతుశిరస్సులు గల ఐదు స్తంభములు, ఒక బండి, మంచు మీద లాగు శకటములు. ఆ వైభవము నడుమ సామాన్యమైన ఒక బొక్కెన మీద అది సిగ్రిద్ అను స్త్రీదని తెలుపు చిన్న లేఖనము కలదు. మరియొక కొయ్యముక్క మీద మనిషికి తెలిసినది స్వల్పమను అర్థము వచ్చు పదములున్నవి. రాణివాసపు సమాధిలో ఇంత ఆడంబరము నడుమ ఈ రెండు చిన్న పలుకులే మనుష్య స్వరముతో వినబడుచున్నవి.

వస్తువు తన్ను చేసినవానిని గూర్చి పలుకుట గాలెహుస్ కొమ్ములో పరాకాష్ఠనందినది. డెన్మార్కులోని దక్షిణ జట్లాండున గాలెహుస్ గ్రామము వద్ద 1639లో ఒకటి, 1734లో మరియొకటి, రెండు బంగారు కొమ్ములు దొరకెను. అవి 5వ శతాబ్ది ప్రారంభము నాటివి. రెండవ కొమ్ము మీద హ్లెవగాస్టిజ్ అను శిల్పి తన పేరును, హోల్ట్‌తో తన సంబంధమును ప్రకటించి, ఈ కొమ్మును తాను చేసితినని చెప్పుకొనెను. లేఖనమంతయు ఐదు పదములు. వానిలో శిల్పి పేరు, వంశము, కొమ్ము, ఈ మూడును ఒకే 'హ' ధ్వనితో ఆరంభమగును. ఇది యాదృచ్ఛికము కాదని, జెర్మానిక్ కవిత్వమునకు ప్రాణమైన ఆద్యక్షరప్రాసకు ఇది తొలి ఉదాహరణములలో ఒకటియని ఛందోవేత్తలు అంగీకరించిరి. శిల్పి, శిల్పము, పద్యపాదము ఒకే శ్వాసలో పుట్టినవి. 1802 మే నెలలో నీల్స్ హైడెన్‌రైక్ అను స్వర్ణకారుడు కోపెన్‌హాగెన్ రాజసంగ్రహాలయము నుండి ఈ కొమ్ములను దొంగిలించి కరగించెను. ఆ సంవత్సరముననే యువకవి ఎయిలెన్‌ష్లేగర్ ఆ నష్టమును గూర్చి రచించిన కావ్యము డేనిష్ కాల్పనిక కవిత్వమునకు నాంది యైనది. పూర్వము గీసిన చిత్రముల వలన పదములు మిగిలినవి, బంగారము పోయినది. నేడు గాలెహుస్ పాదమును పుస్తకములో చదువు పాఠకుడు సగము మాత్రమే చదువుచున్నాడు. 'ఈ కొమ్ము' అన్న మాట చూపు దిక్కున కొమ్ము లేదు.

వాక్యము పద్యముగా, పద్యము కథగా పెరుగుట 9వ శతాబ్దిలో కన్పట్టును. స్వీడనులోని ఓస్టర్‌గోట్లాండున ఉన్న రోక్ శిల క్రీ.శ. 800 ప్రాంతమునకు చెందినది. దాని ఐదు ముఖముల మీద సుమారు 760 అక్షరములు కలవు. వారిన్ అను తండ్రి మృతుడైన తన కుమారుడు వేమోద్ స్మృత్యర్థము దానిని చెక్కించెను. తరువాత వచ్చునవి చిక్కుప్రశ్నలు, పురాకథాసూచనలు, థియోడొరిక్‌ను గూర్చిన ఒక పద్యము, గూఢాక్షరములతో కూర్చిన పంక్తులు. చిరకాలము పండితులు దీనిని నశించిన వీరగాథల పట్టికగా చదివిరి. 2020లో పెర్ హోమ్‌బెర్గ్ మొదలగు నలుగురు స్వీడిష్ పండితులు, ఈ చిక్కుప్రశ్నలు వెలుగునకు చీకటికి జరుగు పోరాటమును గూర్చినవనియు, క్రీ.శ. 536లో ఆరంభమైన భయంకర శీతలకాలపు స్మృతి వీనిలో దాగియున్నదనియు ప్రతిపాదించిరి. ఏ వ్యాఖ్యానము నిలిచినను ఒక విషయము మారదు: కొడుకు చావును చెప్పుటకు తండ్రికి తన జాతి స్మృతి అంతయు కావలసి వచ్చెను. తెలుగు పద్యము తొలిసారి శిల మీద కన్పట్టిన అద్దంకి శాసనము కూడ ఆ 9వ శతాబ్దిదే. అక్కడ సేనాని విజయము, ఇక్కడ తండ్రి శోకము. రెండు దేశములలోను గ్రంథముల కంటె ముందు రాయి పద్యమును దాచినది.

10వ శతాబ్ది చివరిభాగమునకు చెందిన కార్లెవి శిల ఓలాండ్ ద్వీపమున నిలిచియున్నది. ఐస్లాండు గ్రంథములలో ప్రసిద్ధమైన 'ద్రోత్‌క్వెత్' అను రాజసభా ఛందస్సులో సంపూర్ణమైన పద్యము గల రూన్ శిల ఇది యొక్కటియే. ఓడను సముద్రపు గుఱ్ఱమనుట వంటి గూఢరూపకములు ఆ ఛందస్సునకు అలంకారములు. గ్రంథములలోని ప్రతులు రచన జరిగిన శతాబ్దుల తరువాత వ్రాయబడినవి. ఈ పద్యము మాత్రము అది పుట్టిన కాలముననే రాతికెక్కినది. కావున ప్రాచీన కవిత్వపు ప్రామాణ్యమును విచారించు విమర్శకునకు ఇది ఒరపిడిరాయి.

రాజులును ధనికులును కూడ ఈ మాధ్యమమును వాడుకొనిరి. డెన్మార్కులోని యెల్లింగ్ వద్ద 965 ప్రాంతమున హారాల్డ్ రాజు తన తండ్రి గోర్మ్, తల్లి థీరాల పేర నిలిపిన శిల సుమారు 2.4 మీటర్ల ఎత్తు గలది. తాను డెన్మార్కును నార్వేను గెలిచి డేనులను క్రైస్తవులను చేసితినని అందు రాజు చెప్పుకొనెను. ఒక ముఖమున మహాసర్పముతో పెనగొన్న జంతువు, మరియొక ముఖమున తీగెల నడుమ బాహువులు చాచిన క్రీస్తు. ఇతర శిలలపై పంక్తి సర్పమువలె వంకరలు తిరుగగా, ఇచట గ్రంథములోని పంక్తులవలె అడ్డముగా సాగును. రాతి మీద పుస్తకపు నీడ పడుచున్న కాలమది. ఈ హారాల్డుకు 'నీలిదంతుడు' అను బిరుదనామము కలదు. నేటి మొబైల్ ఫోనులలోని 'బ్లూటూత్' గుర్తు అతని పేరులోని తొలి అక్షరములైన రెండు రూనుల కలయిక. 11వ శతాబ్దిలో ఉప్లాండ్ ప్రాంతమున యార్లబాంకె అను భూస్వామి బ్రతికియుండగనే తన పేర శిలలు నిలిపి, టేబీ యంతయు తన యొక్కనిదేనని చాటెను. ఇట్టి లేఖనములు చరిత్రకు ఉపయోగించును, హృదయమును తాకవు.

అక్షరమును చిత్రమును విడదీయరాదని బోధించు చెక్కడము స్వీడనులో సోడర్‌మన్‌లాండున రామ్‌సుండ్ వద్ద నున్న బండ మీద కలదు. అది 1030 ప్రాంతపుది. సిగ్రిద్ అను స్త్రీ హోల్మ్‌గెయిర్ ఆత్మ శ్రేయస్సు కొరకు వంతెన కట్టించెనని రూనులు తెలుపును. చెరువు త్రవ్వించుట, సత్రము కట్టించుట భారతదేశమున పుణ్యకార్యములైనట్లే వంతెన కట్టించుట ఆ క్రొత్త క్రైస్తవులకు పుణ్యకార్యము. రూనులు ఒక మహాసర్పము దేహములో పొదిగియున్నవి. ఉప్లాండ్, సోడర్‌మన్‌లాండ్ శిలలపై సర్పదేహమును అక్షరములకు పట్టీగా వాడుట మామూలు. ఇచట శిల్పి ఆ మామూలును కథగా మార్చెను. సర్పమునకు దిగువ నుండి ఒక వీరుడు ఖడ్గమును పైకి పొడుచుచున్నాడు. అతడు సిగుర్డ్, ఆ సర్పము ఫాఫ్నిర్. లోపలి భాగమున సర్పపు గుండెను నిప్పు మీద కాల్చుచు, కాలిన బొటనవ్రేలిని నోట పెట్టుకొన్న సిగుర్డ్. పక్షుల భాష అర్థమైనందున అవి చెప్పిన హెచ్చరిక విని అతడు నరికిన కమ్మరి రెగిన్ శిరస్సు. ఆ కమ్మరి సుత్తి, పట్టకారు, కొలిమితిత్తి. చెట్టునకు కట్టిన గుఱ్ఱము, కొమ్మ మీద పక్షులు. రూనులలో సిగుర్డ్ పేరు లేదు. చిత్రములో వంతెన లేదు. అక్షరము క్రైస్తవ పుణ్యమును చెప్పుచుండగా చిత్రము పూర్వుల వీరగాథను చెప్పుచున్నది. ఖడ్గము ఆ అక్షరములు నడచు దేహమునే చీల్చుచున్నది. మాటలను మాత్రము ప్రతి చేసి ముద్రించిన గ్రంథములో ఈ సంవాదమంతయు లోపించును.

కథాకథనమున రూన్ లేఖనములలో అగ్రస్థానము స్వీడనులోని మేలరెన్ సరస్సు ప్రాంతమున హిల్లెర్షో వద్ద 11వ శతాబ్దిలో బండకు చెక్కిన లేఖనమునకు చెందవలెను. అది ఉప్లాండ్ లేఖనములలో అతి దీర్ఘమైనది. సర్పము కంటిలో చెక్కిన తొలి పదము చదువరికి ఆజ్ఞ: విప్పి చదువుమని. పిదప కథ నడచును. గెయిర్మండ్ కన్యయైన గెయిర్లౌగ్‌ను పెండ్లాడెను. వారికొక కుమారుడు కలిగెను. గెయిర్మండ్ నీటమునిగి చనిపోయెను; కుమారుడును చనిపోయెను. గెయిర్లౌగ్ గుద్రిక్‌ను వివాహమాడెను. వారి సంతానములో ఇంగా అను బాలిక యొక్కతెయే బ్రతికెను. ఇంగాను స్నోట్‌స్టా గ్రామపు రగ్న్‌ఫాస్ట్ పెండ్లాడెను. అతడును అతని కుమారుడును మరణించిరి. కుమారుని ఆస్తి తల్లియైన ఇంగాకు వచ్చెను. ఆమె ఎయిరిక్‌ను మరల వివాహమాడి, తానును మరణించెను. ఇంగా ఆస్తి తల్లియైన గెయిర్లౌగ్‌కు చెందెను. రూనులు చెక్కినవాడు కవి థోర్‌బ్యోర్న్.

ప్రయోజనమును బట్టి చూచిన ఇది ఆస్తిహక్కు పత్రము. పిల్లల సొత్తు వెనుకకు మరలి తల్లికి చేరు వారసత్వపు నియమమును ఇది లోకమునకు చాటుచున్నది. కాని కవి వాడిన నిర్మాణమును గమనింపుడు. ప్రతి వివాహమును ఒక మరణము అనుసరించును. ప్రతి మరణమునుండి కొంత ధనము పైతరమునకు తిరిగి ప్రవహించును. ఎక్కడను శోకవాచకమైన పదము లేదు, విశేషణము లేదు. చివరి వాక్యము వద్ద గెయిర్లౌగ్ సంపన్నురాలై, తనవారెవరును లేనిదై మిగిలియున్నది. లాభమంతయు నష్టముల మొత్తమే. ఇది చట్టము చెప్పదలచిన విషయము కాదు. అయినను చట్టము చెప్పుటకు కవి ఎన్నుకొన్న క్రమము దానిని చెప్పకుండ ఉండలేకపోయినది. ఇంగా తన భర్త రగ్న్‌ఫాస్ట్ పేర స్నోట్‌స్టా ప్రాంతమున నిలిపిన శిలలు నేటికిని కలవు. ఆ శిలలను ముందుగా చూచి హిల్లెర్షో బండ వద్దకు వచ్చినవానికి, అక్కడ స్మరణము చేసినది ఇక్కడ స్మరింపబడునదిగా మారుట కన్పించును. అట్టి అనుభవము నవలలు ఇచ్చును. ఇచట దానిని రెండు ప్రదేశముల నడుమనున్న దారి ఇచ్చుచున్నది.

నార్వేలోని డిన్నా శిల 11వ శతాబ్ది మధ్యకాలమునకు చెందినది. గున్వోర్ అను తల్లి తన కుమార్తె ఆస్ట్రిద్ పేర వంతెన కట్టించి దీనిని నిలిపెను. హాడెలాండ్ ప్రాంతపు కన్యలలో ఆస్ట్రిద్ చేతిపనియందు మిక్కిలి నేర్పరియని లేఖనము తెలుపును. శిల మీద శిశువైన క్రీస్తును చూడవచ్చు జ్ఞానుల చిత్రము, వారికి దారిచూపు నక్షత్రము చెక్కబడినవి. ఆస్ట్రిద్ నేసినదో కుట్టినదో ఏ వస్త్రమును మిగులలేదు. ఆమె నేర్పును స్మరించుటకు తల్లి మరియొకరి చేతినేర్పును ఆశ్రయించినది. స్వీడనులో దాదాపు 26 శిలలు, 1036-1041 ప్రాంతమున తూర్పుదేశములకు ఇంగ్వార్ నాయకత్వమున సాగి తిరిగిరాని దండయాత్రను స్మరించును. వానిలో గ్రిప్‌స్‌హోమ్ శిల తోలా అను తల్లి కుమారుని పేర నిలిపినది. బంగారము కొరకు పోయినవారు దూరముగా దక్షిణమున మరణించిరని, గ్రద్దలకు ఆహారమిచ్చిరని అది చిన్న పద్యములో చెప్పును. గ్రద్దలకు ఆహారమిచ్చుట శత్రువులను చంపుట. ఆ గర్వపు పలుకు వెనుక, కుమారుని దేహము కూడ ఆ పక్షులకే దక్కియుండవచ్చునను ఊహ తల్లి శిల వద్ద నిలిచినవానికి కలుగక మానదు.

శిలలనే చూచుచున్నంతకాలము రూనులు గంభీర సందర్భములకు పరిమితములని పండితులు తలచిరి. 1955 జూలైలో నార్వేలోని బెర్గెన్ రేవున బ్రిగ్గెన్ అను వర్తకుల వాడ అగ్నికి ఆహుతియయ్యెను. ఆ బూడిద క్రింద ఆస్బ్యోర్న్ హెర్తెయిగ్ నాయకత్వమున సాగిన త్రవ్వకములలో దాదాపు 670 రూన్ లేఖనములు దొరకెను. వానిలో అనేకము మధ్యయుగమున చాకుతో చెక్కిన కొయ్యపుల్లలు. సరకు మూటకు కట్టి యజమాని పేరు తెలుపు చీటీలు కలవు. చేపలును పానీయమును కొరవడినవని భాగస్థునకు వాపోవు వర్తకుని ఉత్తరము కలదు. ఇంటికి రమ్మని గీదా అను స్త్రీ కబురంపిన పుల్ల కలదు. ముద్దు పెట్టుమని ప్రియురాలిని వేడిన పుల్ల కలదు. రాజసభా ఛందస్సులోని పద్యముతోపాటు ప్రేమను గూర్చిన విర్జిల్ లాటిన్ పాదమును చెక్కిన పుల్లయు కలదు. మఠములలో సిరాతో లాటిన్ గ్రంథములు వ్రాయుచున్న కాలముననే, వీధిలో, సత్రములో, గిడ్డంగిలో జనులు రూనులతో తమ పనులు నడుపుకొనుచుండిరి. రూన్‌ను రహస్యముగా భావించినవారికి ఈ పుల్లల కంటె గట్టి సమాధానము లేదు.

ఈ సాహిత్యమునకు లోపములు లేవనుట పక్షపాతమగును. స్కాండినేవియాలోని సుమారు 3000 రూన్ శిలలలో అధిక భాగము స్వీడనులోనే యున్నది. ఒక్క ఉప్లాండులోనే వేయికి పైగా కలవు. వానిలో పెక్కింట ఫలానావారు ఫలానా బంధువు పేర శిల నిలిపిరి, దేవుడు అతని ఆత్మను కాచుగాక అను సూత్రమే మరల మరల వచ్చును. ఓపిర్ వంటి చెక్కడపుపనివారు కోరినవారికెల్ల అందమైన శిలలను చెక్కియిచ్చిరి. గీత సొగసునకు తగినంత నవ్యత మాటలో లేదు. కాని సుత్తి, ఉలి చేతబట్టి ప్రతి అక్షరమును రాతి నుండి వెలికితీయువానికి వ్యర్థపదము వాడుట కష్టము. ఆ కష్టమే సామాన్యులచేత సూత్రమును, ప్రతిభావంతులచేత హిల్లెర్షో వంటి నిర్మొహమాటమైన కథను పలికించినది.

లోపముల కంటె అపచారము పెద్దది. 17వ శతాబ్దిలో స్వీడనున యోహాన్నెస్ బూరేయుస్, డెన్మార్కున ఓలె వోర్మ్ శ్రమించి శిలల ప్రతులను తీసిరి. వోర్మ్ గ్రంథము 1643లో వెలువడెను. ఆ పరిశ్రమ వలననే నశించిన అనేక శిలల పాఠములు నేడు లభించుచున్నవి. 20వ శతాబ్ది ప్రారంభమున ఆస్ట్రియాలో గైడో ఫాన్ లిస్ట్ ఏ శిల మీదను లేని 18 రూనుల వరుసను కల్పించి, దానికి జాతి ఔన్నత్యమును అంటగట్టెను. తరువాత నాజీల యస్.యస్. దళము రెండు రూనులను జంటగా కూర్చి తన చిహ్నము చేసికొనెను. వాక్యమునుండి, వస్తువునుండి, మనిషి పేరునుండి విడదీసిన అక్షరమునకు ఎవడు ఏ అర్థమునైనను తగిలింపగలడని ఆ చరిత్ర నిరూపించినది. కావున రూనును మంత్రముగా చదువరాదనుట పండితుల సూక్ష్మవివాదము మాత్రమే కాదు. సిగ్రిద్ బొక్కెన మీది అక్షరము ఏ జాతి మహిమను చాటదు. ఆ బొక్కెన సిగ్రిద్‌దని మాత్రము చెప్పును. ఆ నిరాడంబరమైన అర్థమును కాపాడుట విమర్శకుని ధర్మము. అనువాదకునకు కూడ అదే ధర్మము కనుక, 'రూన్' అను పదమును రూన్‌గానే ఉంచి, మంత్రాక్షరమను ముసుగు తొడగకుండుట మేలు.

హిల్లెర్షో బండ గల ఆ మేలరెన్ సరస్సులోనే హెల్గో అను ద్వీపము కలదు. అచటి త్రవ్వకములలో 1956లో పద్మాసనస్థుడైన బుద్ధుని కంచుప్రతిమ యొకటి దొరకెను. దాని ఎత్తు తొమ్మిది సెంటీమీటర్ల లోపు. అది 6వ శతాబ్ది ప్రాంతమున భారత ఉపఖండపు వాయవ్యమున, స్వాత్ లోయ పరిసరములలో పోతపోసినదని పండితులు నిర్ణయించిరి. ఎందరి చేతులు మారి, ఎన్ని నదులు దాటి అది ఆ ఉత్తరపు సరస్సునకు చేరెనో దాని మీద ఎవరును చెక్కలేదు. స్టాక్‌హోమ్ చరిత్ర సంగ్రహాలయములో అది కన్నులు సగము మూసికొని మౌనముగా కూర్చున్నది. ఆ మౌనము ప్రక్కన పెట్టి చూచినపుడు, ఒక దువ్వెన మీద చెక్కిన ఒక పదము ఎంతటి సంపదయో భారతీయ పాఠకునకు తెలిసివచ్చును.